టెస్సా బిల్లు చదివిన రోజు

మే 3, 2009

అన్నయ్యా,

నువ్వు క్షేమమేనా అని మొదలుపెట్టాలి. కానీ ఎక్కడున్నావో తెలియని మనిషిని క్షేమమా అని ఎలా అడగను? ఈ ఉత్తరం నడీన్ వదిన చేతిలో పెడుతున్నాను. నీ చిరునామా తన దగ్గర లేదంటోంది. ఆ మాట అంటున్నప్పుడు పొయ్యి వైపు తిరిగింది. అబద్ధం చెప్పాల్సి వస్తే వదిన ఎప్పుడూ పొయ్యి వైపే తిరుగుతుంది.

నేను స్కూలు వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతుంటే రేడియోలో చెప్పాడు, సెనేట్‌లో ప్రతిపక్షం వాళ్ళు పదకొండు మందీ తెల్లారేసరికి రాజధానిలో లేరని, పోలీసులు వెతుకుతున్నారని. నా పక్కన పనిచేసే డోరిస్ లేదూ, అది "మీ ఆర్లో కూడానా?" అంది. మా అన్నయ్య పారిపోయే రకం కాదన్నాను. అన్నాక చేతిలో దుంప సగం అయిపోయింది, తొక్కతో పాటు అంతా చెక్కేశాను.

వచ్చే గురువారం టెస్సా బిల్లు ఓటుకొస్తుందని చెప్పింది నువ్వే. గాదెలోకి మనిషి దిగితే మర ఆపి తీరాలన్న బిల్లు, దాన్ని కమిటీలో పెట్టించిందీ నువ్వే. ఆ రోజు ఆ పొడుగు బల్ల ముందు నేనేం మాట్లాడానో నాకు సరిగా గుర్తులేదు. తడి మొక్కజొన్న అట్టకట్టిందనీ, పొడిచి వదులు చెయ్యమని మా టెస్సాని గాదెలోకి దింపారనీ, అడుగున మర గింజల్ని లాగుతూనే ఉందనీ చెప్పాననుకుంటా. ఒక మాట మాత్రం చెప్పలేక మింగేశాను. నీళ్ళలో మునిగేవాళ్ళు చేతులైనా ఆడిస్తారట, గింజల్లో కూరుకుపోతే అదీ ఉండదట, ఛాతీ చుట్టూ బిగుసుకుంటుందట. డాక్టరు చెప్పాడు. ఎవరితోనో ఒకరితో అనాలిగా, అందుకని నీకు రాస్తున్నాను.

పెరట్లో రూబార్బ్ మొక్క చిగురేసింది. ఫిబ్రవరిలో పిల్ల పోయింది, మేలో అది చిగురేసింది, దానికేం పట్టింది. కోసి పారేద్దామనుకుని మళ్ళీ నీళ్ళు పోశాను.

గురువారం సెలవు పెట్టి బస్సెక్కి వస్తున్నాను. నీ కుర్చీలో నువ్వుండాలి.

నీ చెల్లెలు
వెర్నా

మే 6

చెల్లీ,

నడీన్ పొయ్యి సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు. ఇన్నేళ్ళ కాపురంలో నాకున్న ఆధారం అదొక్కటే.

నది దాటి పక్క రాష్ట్రంలో ఉన్నాం. ఊరి పేరు రాయను. ఫోన్లన్నీ ఆపేశాం, ఆన్ చేస్తే ఎక్కడున్నామో కనిపెడతారట. మన రాష్ట్రం నేల మీద దొరికితే పోలీసులు భుజం పట్టుకుని తీసుకెళ్ళి సభలో కూర్చోబెట్టొచ్చు, చట్టంలో అలాగే ఉంది. నది దాటామంటే వాళ్ళ చెయ్యి అందదు. రోడ్డుపక్క లాడ్జిలో గదికి ఇద్దరం. నా వాటాకి టోర్వాల్డ్ ముసలాయన వచ్చాడు. ఆయన గురకకి గోడమీద బొమ్మ రోజూ కాస్త కాస్త పక్కకి జరుగుతోంది. చెవుడు కదా, ఆయనకి హాయి.

ఎందుకొచ్చామో నువ్వు రేడియోలో విన్నది సగమే. వాళ్ళు నియోజకవర్గాల మ్యాపు కొత్తగా గీశారు. మన మూడు కౌంటీల్నీ ముక్కలు చేసి రాజధాని శివార్లకి అతికించారు. అది నెగ్గిందంటే ఇక ఆ సభలో ట్రాక్టరెక్కిన మనిషి ఉండడు. ఓట్లతో ఆపుదామంటే వాళ్ళు పందొమ్మిది మంది. కానీ ఇరవై మంది కూర్చుంటే గానీ సభ జరగదు. కోరం అంటారు. అంచేత మా చేతిలో మిగిలింది ఒకటే, కుర్చీలు ఖాళీగా పెట్టడం.

టెస్సా బిల్లుకేం కాలేదు. అన్నిటితో పాటు ఆగింది. నెలాఖరు దాకా సమావేశాలున్నాయి. కోపం తెచ్చుకోకు. గురువారం మాత్రం రాకు, అక్కడ చూడ్డానికేం ఉండదు.

ఆర్లో

మే 12

అన్నయ్యా,

రావద్దన్న నీ ఉత్తరం శనివారం అందింది. నేను గురువారమే వెళ్ళొచ్చాను.

చూడ్డానికేం లేదన్నావు. చాలా ఉంది. గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాను, చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను వేసుకుని. కింద పందొమ్మిది మంది కూర్చున్నారు. సభాధ్యక్షుడు తలలు లెక్కపెట్టాడు, సుత్తితో ఒక్కటి కొట్టాడు, అందరూ లేచి కాఫీకి వెళ్ళిపోయారు. అంతే. మా స్కూల్లో పిల్లలు తగ్గితే కూడా ఉన్నవాళ్ళకి అన్నం పెడతాం.

నీ కుర్చీ మీద నీ కోటు వేలాడుతోంది. మనిషి లేడు గానీ కోటు హాజరు. నా పక్కన కూర్చున్నావిడ ఎవరో "మీరెవరి తాలూకు?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ కోటు తాలూకు అన్నాను.

బయట వరండాలో క్రెబ్స్ కనిపించాడు. టోపీ తీసి "ఎలా ఉన్నావు వెర్నా" అన్నాడు. ఆ గాదెలు అతనివి. నా పిల్లని అందులోకి దింపింది అతని మనుషులు. మొహం చూస్తే పెళ్ళి భోజనం చేసొచ్చినవాడిలా ఉన్నాడు. అప్పుడు తట్టింది నాకు. మ్యాపు మ్యాపు అంటున్నావు గానీ, మీ పార్టీ ఎన్నికల ఖర్చుకి క్రెబ్స్ చెయ్యి విదల్చని ఏడాది ఉందా? మీరు నది దాటితే ఎవరి పని జరిగింది? నాదా, అతనిదా?

శవపేటికకి ముందు కుడివైపు పట్టుకున్నది నువ్వు. ఆ భుజం అప్పుడే ఎలా దించుకున్నావు?

ఇంకో సంగతి. మెజారిటీ నాయకురాలు ఆ ప్రూయిట్ అనే ఆవిడ నన్ను తన గదికి పిలిచింది. కాఫీ ఇచ్చింది, చెయ్యి పట్టుకుంది. నది బ్రిడ్జి దగ్గర టెస్సా ఫోటో పట్టుకుని నిలబడమంది. టీవీ వాళ్ళొస్తారట. మీకు సిగ్గొచ్చి తిరిగొస్తారట. ఆలోచిస్తానన్నాను. ఆలోచిస్తున్నాను కూడా.

వెర్నా

మే 17

వెర్నా,

లాడ్జి హాల్లో టీవీ ఉంది. నిన్న పొద్దున పాన్‌కేకులు తింటుంటే మా పదకొండు మందికీ టెస్సా కనిపించింది, బ్రిడ్జి మీద గోడంత బొమ్మ. హైస్కూలు ఫోటో, పళ్ళమధ్య సందు కనపడేది. దాని కింద నా పేరు, "ఇతను ఎక్కడ?" అని. టోర్వాల్డ్ నా ప్లేటు తీసి పక్కన పెట్టాడు.

నన్నేమన్నా అను. పిల్లని వాళ్ళ చేతిలో ఎందుకు పెట్టావు?

సరే. నీకు తెలియాల్సింది రాస్తాను. మేం గెలిచాం. మ్యాపుని చలికాలం దాకా పక్కన పెడతామని వాళ్ళు రాసిచ్చారు. రేపు వస్తున్నాం. కానీ మా వాళ్ళకి ఆ కాగితం మీద నమ్మకం లేదు, చివరి రోజుల్లో హడావిడిగా ఏదో దారిన మళ్ళీ తెస్తారని అనుమానం. అందుకని ప్రతి బిల్లునీ మొదటి అక్షరం నుంచి చివరి దాకా సభలో చదివించబోతున్నాం. రాజ్యాంగం ప్రకారం చదవాల్సిందే. అందరూ ఒప్పుకుంటే చదవడం మానేసి నంబరూ పేరూ చెప్పి ఓటుకెళ్ళిపోతారు, ఎన్నో ఏళ్ళుగా అలాగే జరుగుతోంది. ఒక్కడు లేచి "చదవండి" అంటే చాలు, చదివి తీరాలి. ఆ లేచే ఒక్కణ్ణీ నేనే. నా గొంతు పెద్దదని నాకప్పగించారు. గడువు అయిపోయేదాకా అదే నా ఉద్యోగం.

టెస్సా బిల్లు చివరి రోజు వస్తుంది.

ఆర్లో

మే 21

అన్నయ్యా,

ఫోటో నేనివ్వలేదు.

కమిటీలో మాట్లాడిన రోజు ఒకటిచ్చాను చూడు, కాగితాలతో పాటు పిన్ను గుచ్చి, దాన్ని పెద్దది చేయించారు. టీవీలో చూసి మర్నాడే బస్సెక్కాను. ప్రూయిట్ గది బయట కుర్రవాళ్ళు ఆపబోతే, నేను స్కూల్లో రోజుకి మూడొందల మంది కుర్రవాళ్ళకి వడ్డించే మనిషినని చెప్పి లోపలికి వెళ్ళాను. ఆవిడ మళ్ళీ కాఫీ ఇవ్వబోయింది. "మా అన్నని తిట్టాలంటే నేనే తిడతాను, దానికి నాకు కూలికి మనుషులు అక్కర్లేదు" అన్నాను. ఆ బొమ్మ చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వచ్చేశాను. బస్సులో నాకన్నా పొడుగ్గా ఉంది. డ్రైవరు దానికీ టిక్కెట్టు కొట్టాలా అన్నాడు. ఇప్పుడు అది టెస్సా గదిలో మంచం మీద ఉంది. విప్పలేదు.

అడక్కుండా అనేశావు. నేనూ క్రెబ్స్ విషయంలో అడక్కుండానే అన్నాను, కనక ఆ చెల్లు అక్కడికి చెల్లు. కానీ దానికి జవాబు మాత్రం రాయి.

ఇప్పుడు అసలు సంగతి. చదివించడం గురించి రాశావే, అది నేను నాలుగుసార్లు చదివాను. నాకు పెద్ద మాటలు తొందరగా ఎక్కవు. కమిటీలో నా బిల్లు పాసైనప్పుడు ఏం జరిగిందో నీకు గుర్తుందా? గుమాస్తా లేచి "రెండు వందల పన్నెండు, ధాన్యపు గాదెల్లో పని భద్రత" అని కూర్చుంది. చేతులెత్తారు, దించారు. ఒకాయన చెయ్యెత్తుతూనే చెవిలో వేలు పెట్టుకున్నాడు. టెస్సా పేరు ఎవరి నోటా రాలేదు. ఆ బిల్లు మొదటి పేజీలో పిల్లకేమైందో ఉంది కదా, నువ్వూ నేనూ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెప్పుకుని, నువ్వు రాసిన పేజీ. ఆ పేజీ ఎవరు చదివారు? నువ్వూ నేనూ, టైపు కొట్టిన అమ్మాయీ.

కుక్కల లైసెన్సుల బిల్లు చదివిస్తావట, వంతెనలకి రంగులేసే బిల్లు చదివిస్తావట. నాదీ చదివించు. అందర్నీ కూర్చోబెట్టి వినిపించు. వేరే ఏమీ అడగను.

వెర్నా

మే 25

చెల్లీ,

ఫోటో విషయంలో నాది తప్పు. ఆ బొమ్మ నువ్వు చంకలో పెట్టుకుని బస్సెక్కావంటే, చదివి నవ్వాను, తరవాత బాత్‌రూములో కుళాయి తిప్పుకుని కూర్చున్నాను. క్రెబ్స్ విషయం: ఫిబ్రవరి తరవాత అతను పంపిన డబ్బు నేను తిప్పి పంపాను. పార్టీ తిప్పి పంపలేదు. రెండూ నిజమే.

నువ్వడిగింది కుదరదు. నీ ఉత్తరం రాకముందే మా నాయకుడితో మాట్లాడుకున్నాను. టెస్సా బిల్లు ఒక్కటీ చదవక్కర్లేదని, సరాసరి ఓటుకి వదుల్తామని, నా మీద దయతో ఒప్పుకున్నారు. నేను మాటిచ్చాను. దాని వంతు గడువు అంచున వస్తుంది, చదివిస్తూ కూర్చుంటే సాయంత్రం అయిదింటికి గడువు ముగిసిపోవచ్చు, అప్పుడు ఓటే ఉండదు.

నిజం చెప్పాలి నీకు. ఓటు ఉన్నా నెగ్గదు. పదహారు కావాలి. వాళ్ళలో అయిదుగురు క్రెబ్స్ లాంటివాళ్ళకి మాటిచ్చేశారు. రైతులకి చిక్కులని మావాళ్ళంతా వద్దంటున్నారు. ఎటు తిప్పి లెక్కేసినా నాతో కలిపి పదిహేనే. ఒక్కటి తక్కువ.

రాకు వెర్నా. అది పడిపోతుంటే నువ్వు పైనుంచి చూడ్డం నేను భరించలేను.

ఆర్లో

జూన్ 2

అన్నయ్యా,

రావద్దన్నావు. వచ్చాను. మీవాళ్ళ మధ్య నేనుంటే నీకు నామోషీ అనుకున్నాను, ఆ ఉక్రోషంతోనే వచ్చాను, అది కూడా చెప్పేస్తున్నాను. డోరిస్‌ని తోడు తెచ్చుకున్నాను. స్తంభం పక్కన కూర్చున్నాం, అక్కణ్ణుంచి నీ వీపు కనిపిస్తుంది. నువ్వు పొద్దుణ్ణుంచీ ఒక్కసారి వెనక్కి తిరగలేదు. సభ ముగియగానే మీవాళ్ళెవరో నిన్ను పక్క తలుపులోంచి తీసుకుపోయారు. అంచేత నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. అదంతా రాస్తున్నాను, కాఫీ పెట్టుకుని చదువు.

ముందు ఆ డోయల్ సంగతి. మీరు చదివించి చదివించి గుమాస్తా గొంతు పోగొట్టారు, పాపం ఆవిడ తేనె తాగుతూ మూల కూర్చుంది. ప్రూయిట్ ఏమైనా తక్కువదా, మీకు విరుగుడుగా పశువుల సంతలో వేలం పాడే డోయల్‌ని పట్టుకొచ్చింది. బిల్లుల్ని ఎడ్లలా తోలేస్తున్నాడు. వంతెన రంగుల బిల్లు ఊపిరి తీయకుండా చదివేశాడు. చెయ్యి కదిపితే ఆ బిల్లు నాకే కట్టబెడతాడేమోనని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గ్యాలరీ అంతా నవ్వులే. నువ్వు మాత్రం ప్రతి బిల్లుకీ లేచి "చదవాలి" అనడం, కూర్చోవడం. చర్చిలో కూడా నువ్విన్నిసార్లు లేవలేదు.

తరవాత మనది వచ్చింది. సభాధ్యక్షుడు "రెండు వందల పన్నెండు, ధాన్యపు గాదెల్లో పని భద్రత, దీన్ని చదవక్కర్లేదని సభ అభిప్రాయం అనుకుంటాను" అన్నాడు. అందరూ తలూపారు. కాగితాలు తిప్పుకుంటూ, కళ్ళజోళ్ళు తుడుచుకుంటూ ఊపారు. ప్రూయిట్ గడియారం చూసుకుంది, తన స్టేడియం బిల్లు దాని తరవాతే ఉందట. డోరిస్ నా మోచెయ్యి పట్టుకుంది.

నువ్వు లేచావు. మెల్లిగా లేచావు, మోకాళ్ళు నొప్పన్నట్టు. "చదవాలి అధ్యక్షా. మొత్తం."

నీకు ముందున్నవాళ్ళు నీకు కనపడ్డారు. నీ వెనక మీ నాయకుడు నీ కోటు అంచు పట్టుకుని లాగాడు, అది నీకు తెలిసే ఉంటుంది, కోటు భుజం దగ్గర పీలిక వచ్చింది, పంపిస్తే కుడతాను. సభాధ్యక్షుడు "సెనేటర్, ఇది మీ బిల్లే, గడువు దగ్గర పడింది, తెలుసుగా" అన్నాడు. "నా బిల్లే. అందుకే" అన్నావు.

అడిగింది నేనే కదా, అయినా భయపడ్డాను. చదవడం అయ్యేలోపు సుత్తి పడిపోతే? పిల్లని రెండోసారి నా చేతులారా పోగొట్టుకున్నట్టేనా? నీ వీపు చూస్తూ, కూర్చో అని అరవబోయాను. ఈలోపు డోయల్ కాగితం అందుకున్నాడు.

డోయల్ అదే జోరులో మొదలుపెట్టాడు. తారీఖు వచ్చింది, ఊరి పేరు వచ్చింది, "టెస్సా మే రిటర్ అనే ఇరవై రెండేళ్ళ ఉద్యోగిని" దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ ఆ వాక్యం తనలో తనే చదువుకున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి మొదటినుంచీ మొదలుపెట్టాడు, మెల్లిగా, చర్చిలో వాక్యం చదివినట్టు. ప్రూయిట్ తొందరగా అన్నట్టు వేలు తిప్పింది. అతను చూడలేదు.

మర ఆగలేదని చదివాడు. పైనుంచి తాడు వేశారని, తాడు ఆమె చేతికి అందిందని, లాగితే రాలేదని చదివాడు. ఆ మాట మన బల్ల దగ్గర నువ్వు రాస్తుంటే నేను లేచి వెళ్ళిపోయాను గుర్తుందా, ఆ సభలో మాత్రం కూర్చునే విన్నాను. నీ వెనక వరసలో మీవాళ్ళు ఇద్దరు పెన్నులు కింద పెట్టేశారు. వాళ్ళ పార్టీలో ఎవరో కుర్రాయన, క్రెబ్స్ పక్షమట, బూట్లు చూసుకుంటూ ఉండిపోయాడు. కాగితాల చప్పుడు ఆగింది.

తరవాత చట్టం భాగం వచ్చింది. మనిషి దిగేముందు మర ఆపాలి, దానికి తాళం వెయ్యాలి, ఆ తాళంచెవి దిగే మనిషి తన జేబులోనే పెట్టుకోవాలి, బయట ఇంకోటి ఉండకూడదు. డోయల్ అది చదివి పేజీ తిప్పాడు. తిప్పితే అయిపోయింది, వెనక ఏమీ లేదు.

అప్పుడు టోర్వాల్డ్ ముసలాయన పక్కాయనతో గుసగుసలాడాననుకున్నాడు. చెవిటాయన గుసగుస గ్యాలరీ పైకప్పు దాకా వచ్చింది.

"ఒక తాళంచెవి. ఇంతేనా? ఇంటింటికీ ఇన్‌స్పెక్టర్లొస్తారని చెప్పాడే ఆ క్రెబ్స్!"

పక్కాయన ఏదో అన్నాడు. "నువ్వు చదివావా?" అని అడిగాడు ముసలాయన. పక్కాయన చదవలేదు. ఎవరూ చదవలేదు అన్నయ్యా. అది ఆ క్షణాన పైనుంచి చూస్తే తెలిసిపోయింది, పరీక్షలో పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నట్టు చూసుకున్నారు. రెండు పేజీలు. ఓటుకి మాటలిచ్చేసుకున్నారు, బేరాలు కుదుర్చుకున్నారు, రెండు పేజీలు చదవలేదు.

పేర్లు పిలిచారు. నేను వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నాను. నువ్వు చెప్పిన పద్నాలుగూ వచ్చాయి, నీదీ వచ్చింది. అక్కడ ఆగుతుందని చెప్పావు. ఆ బూట్లు చూసుకున్న కుర్రాయన పేరు పిలిచారు, "వద్దు" అన్నాడు, చచ్చాననుకున్నాను. టోర్వాల్డ్ పేరు వచ్చింది. ఆయన కూర్చుని ఓటెయ్యొచ్చట, లేచాడు. "మా ఇద్దరు మగపిల్లల్నీ మర ఆపకుండానే దింపేవాణ్ణి. వాళ్ళు బతికుండడం నా అదృష్టం, నా తెలివి కాదు. అవును" అన్నాడు.

పదహారు.

ఇక చూస్కో. ఆ కుర్రాయన లేచి నా ఓటు మార్చుకుంటాను అన్నాడు. మీవాళ్ళలో ముందు వద్దన్నవాళ్ళు నలుగురు లేచారు, మార్చుకుంటాం, మార్చుకుంటాం అని. మీ నాయకుడు పంతం పట్టి వద్దనే అన్నాడు, మంచిదే, ఒకడైనా మాట మీద నిలబడ్డాడు. చివరికి ఇరవై ఒకటి అని చదివారు. చప్పట్లు కొట్టకూడదని గోడ మీద రాసుంది. డోరిస్ కొట్టింది. నేను కొట్టాను. తలుపు దగ్గరి కాపలాదారు, ఇంత పొడుగు మనిషి, మా వైపు వచ్చాడు, గెంటేస్తాడనుకున్నాం, వచ్చి మా పక్కన నిలబడి తనూ కొట్టాడు. సభాధ్యక్షుడు సుత్తి ఎత్తేలోపు డోయల్ అరచేత్తో బల్ల మీద చరిచి "మూడోసారి!" అన్నాడు, అలవాటు చొప్పున నోరు జారింది పాపం, సభంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఫిబ్రవరి తరవాత నా నవ్వు నాకు వినపడ్డం అదే మొదలు.

స్టేడియం బిల్లు సగంలో ఉండగా అయిదయింది. ప్రూయిట్ మొహం చూశావా లేదా? చూసి ఉంటావులే, అది నీ ఎదురుగానే ఉంది.

ఇదంతా నీ వెనక జరిగింది. ఒక్క సంగతి నాకర్థం కాలేదు. కుదరదని రాశావు, మాటిచ్చానని రాశావు. మరి ఎందుకు లేచావు? నేనొచ్చానని నీకెవరైనా చెప్పారా?

వెర్నా

జూన్ 6

చెల్లీ,

నువ్వొచ్చావని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు.

అందరూ తలూపారు చూడు, అప్పుడు నేనూ ఊపాను. ఊపేశాక ఒళ్ళు మండింది. పది రోజులుగా కుక్కలకి లేచాను, వంతెనలకి లేచాను, మురుగు కాలవలకి లేచాను. మన పిల్ల దగ్గరికొచ్చేసరికి కూర్చోవడమేమిటి? అంతకుమించి ఆలోచించలేదు. నెగ్గుతుందనుకోలేదు వెర్నా, పడేదే అయితే విని పడెయ్యండి అనుకున్నాను. నువ్వడిగింది అదే కదా. నువ్వు ముందే చూశావు, నేను లెక్కలేసుకుంటూ కూర్చున్నాను.

మావాళ్ళు నాతో మాట్లాడ్డం లేదు. ఇచ్చిన మాట తప్పానని కమిటీలోంచి తీసేశారు. టోర్వాల్డ్ ఒక్కడే మాట్లాడతాడు, ఆయన మాట్లాడితే ఎలాగూ అందరికీ వినపడుతుంది కాబట్టి నాకు లోటు లేదు.

గవర్నరు నిన్న సంతకం పెట్టాడు. జూలై ఒకటి నుంచి అమలు. కోటు పంపుతున్నాను, కుట్టు.

ఆర్లో

జూలై 3

అన్నయ్యా,

కోటు కుట్టాను, వదినకిచ్చాను. లోపల చేతి దగ్గర లైనింగు కూడా పోయింది, అదెవరూ లాగింది కాదు, అది నీ బద్ధకం.

మ్యాపు విషయంలో నువ్వు చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. కుర్చీ ఖాళీగా పెట్టడం ఒక పని కాదు. ఆదివారం నువ్వూ వదినా భోజనానికి రండి, అప్పుడు తీరిగ్గా పోట్లాడదాం. ఆ రూబార్బ్ కాడలు పెట్టి తీపి పై కాలుస్తున్నాను. టోర్వాల్డ్‌ని కూడా పిలువు, ఆయన నా వైపు ఉంటాడు.

నిన్న క్రెబ్స్ గాదెల దగ్గరికి వెళ్ళాను. ఫిబ్రవరి నుంచి ఆ రోడ్డున పోలేదు, స్కూలుకి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. నిన్న ట్రక్కు తీసుకుని నేరుగా వెళ్ళి గేటు పక్కన ఆపాను. గోధుమలొచ్చే లోపు పాత మొక్కజొన్న ఖాళీ చేస్తున్నారు, లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. టెస్సాతో పనిచేసిన ఇర్మా, ఎర్రజుట్టు అమ్మాయి, గాదె మీదికి ఎక్కుతోంది. నన్ను చూసింది. చెయ్యి ఊపలేదు, జేబు మీద తట్టి చూపించింది. దిగింది.

మర ఆగి ఉంది. అన్నయ్యా, ఆ ఆవరణ నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఆ మర చప్పుడు గాలి చప్పుడనుకున్నాను. అది ఆగితే పిచ్చుకలు వినపడ్డాయి. క్రెబ్స్ ఆఫీసు కిటికీలో నిలబడి ఉన్నాడు.

లారీవాడొకడు, మన వైపు వాడు కాదు, దిగొచ్చి విసుక్కున్నాడు. నేనక్కడి మనిషిననుకున్నాడు. "ఏమ్మా, మర ఆపేశారు, ఇంకెంతసేపు మేమిలా పడుండాలి?" అన్నాడు.

"ఆ అమ్మాయి బయటికి వచ్చేదాకా" అన్నాను.

అతను గాదె వైపు చూశాడు, నా వైపు చూశాడు. వెళ్ళి లారీ ఇంజను కూడా ఆపేశాడు. ఇద్దరం పైకి చూస్తూ నిలబడ్డాం.

వచ్చింది అన్నయ్యా. ఒళ్ళంతా దుమ్ముతో, తుమ్ముకుంటూ, నిచ్చెన దిగి వచ్చింది.

టెస్సా వాళ్ళమ్మ
వెర్నా